రెండు ఇత్తడి మొలలు

వడ్ల రామలింగం చేత ఇంటికి దర్వాజ చేయించుకునేవాళ్లకు ఈ మధ్య ఒక వింత ప్రశ్న ఎదురవుతోంది. టేకా, వేపా అంటాడు; ఎత్తెంత, వెడల్పెంత అంటాడు; అంతవరకూ బాగానే ఉంటుంది. తరవాత టేపు చుట్టి జేబులో వేసుకుని, చెవి సందున పెన్సిల్ దోపుకుని, "ఇంట్ల ఎవలెవలుంటరు?" అని అడుగుతాడు. "నీకెందుకయ్యా?" అని మొహం మీదే అన్నవాళ్లు ఉన్నారు. రామలింగం చిన్నబుచ్చుకోడు. "మొలలు కొట్టాల్నా వద్దా అని" అంటాడు. దుకాణంలో అతని పనిబల్ల కింద ఒక రేకు డబ్బా ఉంది. అందులో ఇరవై ఎనిమిది ఇత్తడి మొలలు ఉంటాయి. కొన్ని వంగిపోయాయి, కొన్ని నిక్షేపంగా ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్ని కూడా ఏ పనికీ వాడడు, ఎవరికీ ఇవ్వడు.

ఈ మొలల వ్యవహారం అతని తండ్రి రాయమల్లుతో మొదలైంది. రాయమల్లు కరీమాబాద్‌లో పేరున్న వడ్రంగి. దర్వాజ నిలబెట్టి, పూజ అయ్యాక, ఇంటివాళ్లు పెట్టిన కొత్త తువ్వాల భుజాన వేసుకుని, పై అడ్డకర్రకు ఈ కొసకొకటి ఆ కొసకొకటి ఇత్తడి మొల కొట్టేవాడు. మామిడి తోరణం కట్టుకోవడానికి. ఇనుప మొల తుప్పు పడుతుంది, తుప్పు శుభం కాదు, అందుకని ఇత్తడి. "ఈ రెండు పడ్డంకనే పని ఒడిసినట్టు" అని కొడుక్కి పదే పదే చెప్పేవాడు. రామలింగానికి ఉలి పట్టడం వచ్చేనాటికే ఆ మాట చేతికి ఎక్కిపోయింది. నలభై ఏళ్లలో అతను నిలబెట్టిన దర్వాజలు వందల్లో ఉంటాయి, మొలలు లేని దర్వాజ ఒక్కటి లేదు. నర్సంపేట నుంచి స్టేషన్ ఘన్‌పూర్ దాకా, తోరణం జరిపి చూసి కింద ఇత్తడి కనబడితే ఇది రామలింగం పని అని చెప్పేవాళ్లు ఉన్నారు. ఆ సంగతి రామలింగానికి తెలుసు. అతను నడిచే తీరు చూస్తే మనకూ తెలిసేది.

ఆ ఠీవి అంతా అండర్ బ్రిడ్జి దగ్గర దుకాణం వరకే. ఇంటికి రాగానే గొంతు తగ్గిపోయేది. కరీమాబాద్‌లో అతనిది మూడు గదుల ఇల్లు. వెనక అర్ర తలుపుకు గొళ్లెం బయటివైపు ఉండేది. లోపల అతని అక్క రాజక్క ఉండేది.

రాజక్క అతనికంటే అయిదేళ్లు పెద్ద. తల్లి పోయినప్పుడు రామలింగానికి ఆరేళ్లు, ఆమెకు పదకొండు. ఆ పదకొండేళ్ల పిల్ల పొయ్యి ముందు కూర్చుని తమ్ముడికి బువ్వ వండింది, నూనె పెట్టి తల దువ్వింది, తండ్రి కొలబద్ద ఎత్తినప్పుడల్లా మధ్యకు వచ్చి తమ్ముడి దెబ్బలు తను తిన్నది. పెద్దయ్యాక నర్సంపేటలో ఒక వడ్రంగి ఇంటికి ఇచ్చారు. భర్త పాము కరిచి పోయాడు. అప్పటికి ఆమె కడుపుతో ఉంది, ఆ బిడ్డా దక్కలేదు. పుట్టింటికి వచ్చేసింది. అందరూ దుఃఖం అనుకున్నారు. దుఃఖమైతే ఏళ్ల మీద తగ్గాలి కదా, ఇది పోయినట్టే పోయి మళ్లీ వచ్చేది. వచ్చిందంటే పది రోజులు పక్క దిగేది కాదు, మెతుకు ముట్టేది కాదు, ఎదురుగా లేని ఎవరికో మెల్లగా సంజాయిషీ చెప్పుకునేది. తొమ్మిదేళ్ల కింద ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేని వేళ, ప్రాణం తీసుకోబోయింది. మరిచిపోయిన టేపు కోసం రామలింగం ఇంటికి రాకపోయి ఉంటే ఆ రోజుతో అయిపోయేది.

మరునాడు అతను పనిముట్ల సంచి పట్టుకుని ఆ అర్రలోకి వెళ్లాడు. పైనున్నవి దించాడు, గోడకున్నవి విప్పాడు. మంచం బయటికి లాగాడు, అద్దం తీశాడు, కిటికీకి జాలీ కొట్టాడు. అన్నీ అయ్యాక లోపలి గొళ్లెం ఊడదీసి అదే తలుపుకు బయటివైపు బిగించాడు. అర్రలో ఒక పరుపు, ఒక ప్లాస్టిక్ చెంబు, రాజక్క మిగిలారు.

పట్నం తీసుకుపోయి పెద్ద డాక్టరుకు చూపించలేదని కాదు. చూపించాడు, మందులు రాశారు, మూడేళ్లు తెచ్చాడు. మందుల షాపులో తెలిసినతను ఒకరోజు "ఇవి ఎవలికే అన్నా?" అని అడిగాడు, అంతే, ఆ రోజు నుంచి మానేశాడు. దర్వాజ నిలబెట్టడం శుభకార్యం. ఇంట్లో ఆడబిడ్డను గొళ్లెం పెట్టి ఉంచినవాడి చేత శుభకార్యం ఎవరు చేయిస్తారని అతని భయం. అక్కకు కీళ్లనొప్పులనీ, లేవలేదనీ వాడకట్టులో చెప్పుకున్నాడు. ప్రేమ లేదా అంటే ప్రాణం పెట్టేవాడు. రోజూ ఆమె తిన్నదా లేదా చూసి కానీ తను కంచం ముందు కూర్చునేవాడు కాదు. ప్రేమా ఉంది, పరువూ ఉంది, రెండూ కలిసి ఆ తలుపుకు గొళ్లెం పెట్టాయి.

ఆ గొళ్లెం తీసీ పెట్టీ చేతులు అరిగింది మాత్రం అతని భార్య యమునకు. వదినకు స్నానం చేయించడం, జడ వేయడం, పక్కన కూర్చుని కూరగాయలు కోస్తూ వినని మనిషికి వాడకట్టు ముచ్చట్లు చెప్పడం ఆమె పనే. యమున నోరున్న మనిషి. కోపం వచ్చినప్పుడు, "నువ్వు జైలు కట్టినవ్, నన్ను జవాను చేసినవ్" అనేది. రామలింగం సంచి భుజాన వేసుకుని దుకాణానికి పోయేవాడు.

నిరుడు ఎండాకాలంలో ఆ దుకాణానికి డాక్టర్ శోభారాణి వచ్చింది. హసన్‌పర్తి పోయే దారిలో మానసిక రోగుల కోసం ఆమె ఒక చిన్న దవాఖాన కట్టిస్తోంది. పద్నాలుగు గదులు. హన్మకొండలో ఆమె ఇంటికి దర్వాజ చేసింది రామలింగమే, అందుకని వేరేవాళ్ల దగ్గరికి పోలేదు.

"అన్నా, మంచాలు కావాలె, అల్మారాలు కావాలె, కుర్సీలు, తలుపులు అన్నీ కావాలె. కానీ గుబ్బలుండొద్దు, కొక్కాలుండొద్దు, వాడి మూలలుండొద్దు. ఊడి చేతికొచ్చేటిది ఏదీ ఉండొద్దు. దేనికీ ఏదీ తగిలించ రావద్దు."

మామూలుగా అయితే రామలింగం ఈ మాటకు గయ్యిమనేవాడు. గుబ్బ లేకుండా అల్మారా, మూల లేకుండా బల్ల చేయమంటే వడ్రంగిని వంటవాడిగా మారమన్నట్టే. కానీ ఆమె ఒక్కొక్కటీ వద్దంటుంటే అతనికి కరీమాబాద్‌లోని వెనక అర్ర కళ్లకు కట్టింది. తను ఊడబీకినవాటినే ఆమె వరసగా చెబుతోంది. "ఎందుకు మేడం గివన్నీ?" అన్నాడు, తెలియనట్టు.

"మనసు మస్తు ఖరాబైనప్పుడు మనిషికి చావాలనే ఆలోచన కొద్దిసేపే గట్టిగుంటదన్నా. ఆ కొద్దిసేపు దాటిపోతే బతుకుతరు. ఆ సేపు ఏదీ చేతికి దొరకకుంట మనం చూస్తే చాలు."

రామలింగం చేస్తానన్నాడు. ఇంట్లో అక్క కోసం తను చాటుగా చేసిన పనికి ఇట్లా ఒక విద్య ఉందనీ, దాన్ని పగటిపూట అందరి ముందు చేస్తారనీ అతనికి అప్పటిదాకా తెలియదు.

మొదటి గది సామాను నెల తిరక్కుండా సిద్ధమైంది. నేలకు అతుక్కున్న దిమ్మె లాంటి మంచం, గోడలో నాలుగు పలకలు, అంతే. తన వెనక అర్ర ఎట్లా ఉందో అట్లాగే చేశాడన్నమాట, కొంచెం పాలిష్ పెట్టి. డాక్టరమ్మ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. నర్సు కళావతిని కూడా వెంట తెచ్చుకుంది. వార్డుల్లో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషి. కళావతి ఆ మంచం మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, పెదవి విరిచింది.

"దెబ్బ తగలదు, భద్రమే. కానీ దీన్ల పెడితే మంచిగున్నోళ్లకు గూడ మనాది పట్టుకుంటది" అంది.

"దవాఖాన కావాలె అన్నా. జైలొద్దు" అంది డాక్టరమ్మ.

యమున నోట విన్నప్పుడు పట్టని మాట, పరాయి మనిషి నోట వినేసరికి సూటిగా వెళ్లి తగిలింది. ఆ సాయంత్రం రామలింగం ఇంటికి పోయి అక్క అర్ర గొళ్లెం తీసి, గడప మీద కూర్చుని ఆ గదిని మొదటిసారి చూసినట్టు చూశాడు. పరుపు పక్కన గోడ మీద, కూర్చున్న మనిషి చెయ్యి ఆనేంత ఎత్తులో, మూరెడు పొడుగున సున్నం అరిగిపోయి గచ్చు కనబడుతోంది. రాజక్క అప్పుడు కూడా అక్కడే వేలితో రాస్తూ ఉంది.

"గదెందుకు రాస్తానవక్కా?"

రాజక్క వేలు ఆపి అరచెయ్యి చూసుకుంది. తరవాత అంది: "చెయ్యి ఏడ పెట్టాలె మరి?"

అతను మరునాడు దుకాణం నుంచి ఒక చిన్న పీట తెచ్చి ఆ అర్రలో పెట్టాడు. మూలలన్నీ గుండ్రంగా తీసి, దవాఖాన కోసం నమూనాగా చేసినది. తొమ్మిదేళ్లలో ఆ అర్రలోకి వెళ్లిన మొదటి సామాను అదే. యమున కళ్లింత చేసుకుని చూసింది కానీ నోరు మెదపలేదు, అది కూడా వింతే. రాజక్క పీటను దగ్గరికి లాక్కుంది. అరచేతితో నాలుగు వైపులా తడిమింది, తిరగేసింది.

"ఈడ పొడుస్తాంది" అంది ఒక చోట. మరో చోట వేలు పెట్టి, "గీ నడుమ సందెందుకు? తీసెయ్" అంది.

రామలింగం పీటను గబుక్కున లాక్కున్నాడు. ఆ సందు తనకు కనబడలేదు, డాక్టరమ్మకూ కనబడలేదు. రాజక్క అతని మొహం చూసింది.

"భయపడకు తమ్మీ. మీకు కనబడయ్, నాకు కనబడతయ్. మనసు బాగలేనప్పుడు కండ్లు గవే ఏరుకుంటయ్. మంచిగున్నప్పుడు గూడ ఆ అలవాటు పోదు."

అన్నం వద్దు, నీళ్లు చాలు తప్ప ఏళ్ల తరబడి వేరే మాట వినని తమ్ముడికి అన్ని మాటలు ఒక్కసారిగా వినేసరికి ఏడుపు వచ్చింది. పీట తీసుకుని దుకాణానికి పరుగెత్తాడు. ఆ రోజు నుంచి ఏది చేసినా ముందు కరీమాబాద్‌కు వచ్చేది. కుర్చీ వచ్చింది, అల్మారా పలక వచ్చింది, తలుపు పిడి వచ్చింది. రాజక్క తడిమి చూసి తప్పు పట్టేది, అతను తీసుకుపోయి సరిచేసేవాడు. అల్మారాకు తలుపులే లేకుండా, పైభాగం వాలుగా చేశాడు. పిడి బయటికి రాకుండా చెక్కలోనే దోసిలిలా తవ్వాడు. కుర్చీ ఎంత బరువంటే ఇద్దరు మనుషులు కూడా ఎత్తలేరు, కానీ కూర్చుంటే ఒళ్లో కూర్చోబెట్టుకున్నట్టు ఉంటుంది. అన్నిటికంటే అతనికి ఇష్టమైనది మంచం. మంచం పక్కబద్దకు, కూర్చున్నవాళ్ల చెయ్యి ఆనే చోట, మూరెడు పొడుగున వేలు పట్టేంత నున్నటి గాడి చెక్కాడు, అలలు అలలుగా.

రాజక్క ఆ గాడిలో వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు పోనిచ్చింది. "ఇది ఉండనియ్" అంది. కాసేపటికి, "పాలిష్ జర ఎర్రగ పెట్టు. దవాఖాన రంగు పెట్టకు" అని కూడా అంది.

డాక్టరమ్మకు ఆ గాడి చూసి మతి పోయింది. "ఇది ఎవరు చెప్పిన్రన్నా నీకు?" అంది. "ఎవలు చెప్తరు మేడం, మన బుర్రనే" అన్నాడు రామలింగం. ఇంత అబద్ధం ఆడుతూ మీసం కూడా సర్దుకున్నాడు. మెప్పు వస్తుంటే వద్దనడం అతని వంశంలో లేదు.

ఆ అబద్ధం పదిహేను రోజులు నిలిచింది. ఒక మధ్యాహ్నం శోభారాణి నేరుగా ఇంటికే వచ్చింది. దుకాణంలో లేడంటే, కుర్చీ నమూనా ఇంట్లో ఉందంటే, చూసి పోదామని. రామలింగం ఆమెను ముందు గదిలో కూర్చోబెట్టి చాయ్ తెమ్మని యమునకు చెప్పాడు. గ్లాసు ఇంకా చేతికి రానేలేదు, వెనక అర్ర నుంచి గొంతు వినిపించింది.

"తమ్మీ, మేడమొచ్చినట్టున్నది. గొళ్లెం తియ్యి, నేను మాట్లాడాలె."

శోభారాణి లేచి నడవాలోకి వచ్చింది. ఆ తలుపును చూసింది, గొళ్లెం ఏ వైపు ఉందో చూసింది. రామలింగానికి భూమి చీలిపోతే బాగుండుననిపించింది. అన్ని ఇళ్లకు దర్వాజలు చేసిన మనిషి, తన ఇంటి తలుపు ముందు తల ఎత్తలేక నిలబడ్డాడు. యమున వచ్చి గొళ్లెం తీసింది.

డాక్టరమ్మ తిట్టలేదు. లోపలికి వెళ్లి ఆ పరుపు మీదే కూర్చుని గంటసేపు మాట్లాడింది. బయటికి వచ్చాక, "మందులు ఆపి ఎన్నేండ్లయింది?" అని అడిగింది.

"ఆరేండ్లు."

"ఇయ్యాల్టి నుంచే మందులు మళ్ల మొదలుపెడదాం. దవాఖానకు వస్తవా అని అడిగిన. వస్తనన్నది."

"నేను బతికుండంగ మా అక్కను పిచ్చి దవాఖానల వెయ్య మేడం" అన్నాడు రామలింగం, గొంతు పెంచి.

జవాబు లోపలి నుంచి వచ్చింది. "ఇప్పుడు నేను ఏడున్ననో చూసుకున్నవా తమ్మీ?"

రాజక్కే మళ్లీ అంది: "నువ్వు చేసిన మంచమే కదా ఆడ ఉండేది. దాని మీద పండుకుంట. నాకు మంచిగ కావాలని ఉన్నదిరా."

డాక్టరమ్మ పోయాక రామలింగం పెరట్లో కూర్చున్నాడు. పరువు భయం ఆ గంటలోనే సగం చచ్చిపోయింది, దాని వెనక ఉన్న అసలు భయం ఇప్పుడు బయటపడింది. అక్కడ తను ఉండడు. ఒక్క నిమిషం ఎవరూ చూడకపోతే? తొమ్మిదేళ్ల కింద చూసింది మళ్లీ చూడవలసి వస్తే? "ఆ గొళ్లెం ఉంటేనే కదా యమునా ఇన్నేండ్లు బతికింది" అన్నాడు.

యమున గిన్నెలు తోముతూ ఉంది. తల ఎత్తకుండా అంది: "బతికిందా? సావలేదు, గంతే."

ఆ తరవాత అతను ఇక అడ్డం చెప్పలేదు. పద్నాలుగు గదుల్లో ఏడో గది అక్కదని మనసులో అనుకున్నాడు, కిటికీలోంచి వేపచెట్టు కనబడుతుందని. అనుకున్నాడు కానీ మిగిలిన పదమూడింటికీ అదే చెయ్యి పెట్టాడు. ఏ గదిలో ఎవరి అక్క ఉంటుందో ఎవరికి తెలుసు అని కళావతితో అన్నాడట. ప్రతి మూలా తనే అరచేతితో తడిమేవాడు. రాజక్క అన్న మాట పట్టుకుని, తన కళ్లతో కాక ఆమె కళ్లతో చూడడానికి ప్రయత్నించేవాడు.

దవాఖాన తెరిచే ముందు రోజు కళావతి చేతిలో పొడుగాటి జాబితా పట్టుకుని పద్నాలుగు గదులూ తిరిగింది. మంచం లాగి చూసింది, కుర్చీ ఊపి చూసింది, ప్రతి సందులో వేలు పెట్టింది. ఒక్క తప్పు దొరకలేదు. "ఇగ ఫికర్ లేదు వడ్ల సారూ" అంది. రామలింగం ఆ మాటకు ఉబ్బిపోయాడు.

పూజ రోజు పొద్దున్నే స్నానం చేసి, కొత్త ధోవతి కట్టుకుని, గంట ముందే వచ్చాడు. ఎవరో బుట్టెడు మామిడాకులు తెచ్చి వరండాలో పెట్టి ఉన్నారు. రామలింగం దారానికి ఆకులు గుచ్చుతున్న ఆడవాళ్లతో నాలుగు మాటలాడి, స్టూలు వేసుకుని, తోరణాలు కట్టడం మొదలుపెట్టాడు. పద్నాలుగు దర్వాజలు. ప్రతి దర్వాజ ముందూ నిలబడి దండం పెట్టుకున్నాడు, తండ్రిని తలుచుకున్నాడు. పని ఒడిసిందని తృప్తిగా అనిపించింది. డాక్టరమ్మ వచ్చి పచ్చటి తోరణాల వరస చూసి, "ఎంత కళ వచ్చిందన్నా" అని చేతులు జోడించింది. పూజ అయింది, కొబ్బరికాయ కొట్టారు, అందరికీ ప్రసాదం పంచారు.

పదకొండింటికి ఆటోలో యమున రాజక్కను తీసుకొచ్చింది. ఆ దవాఖానకు మొదటి మనిషి ఆమే. కొత్త చీర కట్టుకుంది, తలలో యమున పెట్టిన కనకాంబరాలు. ఎండలో కళ్లు చికిలించుకుంటూ, మరదలి భుజం పట్టుకుని మెల్లగా నడిచింది. రామలింగం ఎదురుపోయి ఏడో గదికి దారి చూపించాడు. డాక్టరమ్మా, కళావతీ వెనకే వచ్చారు.

రాజక్క గడప ముందు ఆగింది. లోపల ఎర్రటి పాలిష్ మంచం, దాని పక్కబద్దకు అలల గాడి, కిటికీలో వేపకొమ్మ. అన్నీ చూసింది, కానీ అడుగు పెట్టలేదు. తల ఎత్తి దర్వాజ పైకి చూస్తూ ఉండిపోయింది. కొత్త చోటు కదా, భయపడుతోందని అనుకున్నాడు రామలింగం.

"రా అక్కా. తోరణం చూస్తానవా? మంచిగ కట్టిన."

"గవి తియ్యి తమ్మీ."

"తోరణం తియ్యొద్దక్కా, శుభం గదా."

"తోరణం నాలుగొద్దులల్ల ఎండిపోతది, ఊడ్చి పారేస్తరు. దాని కింద మొలలుంటయ్. ఈడ నేనుంట" అంది రాజక్క. ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. "ఇయ్యాల మంచిగనే ఉన్న. ఎల్లుండి ఎట్లుంటనో నాకు తెల్వదు. తియ్యి."

రామలింగం తల ఎత్తాడు. ఆకుల సందులో ఈ కొసకొకటి, ఆ కొసకొకటి, పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. ఎప్పుడు కొట్టాడో అతనికి గుర్తు లేదు. సుత్తి ఎప్పుడు తీశాడో, జేబులో మొలలు ఎప్పుడు వేసుకున్నాడో గుర్తు లేదు. గుబ్బ వద్దు, కొక్కెం వద్దు అని నెలల తరబడి జపం చేసిన మనిషి, సందు సందునా అక్క కళ్లతో వెతికిన మనిషి, చివరి రోజు స్టూలెక్కి అక్క తలకు పైన తన చేత్తో రెండు మొలలు కొట్టాడు. ఒక్కచోట కాదు, పద్నాలుగు చోట్ల. డాక్టరమ్మ మొహం పాలిపోయింది. "నేను దండం గూడ పెట్టిన కదన్నా దీనికి" అంది మెల్లగా. కళావతి చేతిలోని జాబితా తెరిచి చూసింది. అందులో ఎక్కడా మామిడి తోరణం మాట లేదు.

అతను పరుగున వెళ్లి పట్కారు తెచ్చాడు. స్టూలెక్కాడు. తోరణం విప్పి అక్క చేతికి ఇచ్చాడు. మొల గట్టిగా దిగి ఉంది. మరి దిగదా, నలభై ఏళ్ల చెయ్యి. పట్కారు రెండుసార్లు జారింది. మొదటిది వంగి వచ్చింది, రెండోది తిన్నగా వచ్చింది. కిందికి దిగి, ఆ రెండూ పిడికిట్లో పట్టుకుని, అక్క ముందు నిలబడ్డాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టుకుని వచ్చి ఇట్లాగే నిలబడేవాడు.

"తప్పయిందక్కా."

"నాయిన నేర్పినదే కదరా" అంది రాజక్క. "పో, చెమటలు తుడుసుకో."

ఆమె గదిలోకి అడుగు పెట్టింది. తోరణం దారం లాగేసి కళావతి చేతికిచ్చి, మామిడాకులు అల్మారా అరలో పెట్టింది. మంచం మీద కూర్చుంది, చెయ్యి దానంతటదే గాడిలోకి పోయింది. అక్కడి నుంచి తలుపు వైపు చూసింది.

"బయట గొళ్లెం ఉన్నదా?"

"లేదక్కా."

"లోపట?"

"ఉన్నది. చెక్కలకు లోతుగ పెట్టిన, వేలితోని జరుపుకోవాలె. అవసరం పడితే సిస్టరమ్మ తాళంచెవితోని బయటి నుంచి తీయొచ్చు."

రాజక్క తల ఊపింది. "మంచిగున్నది. జర అందరు బయటికి పోన్రి."

రామలింగం డాక్టరమ్మ మొహం చూశాడు. ఆమె సరేనన్నట్టు సైగ చేసింది. నలుగురూ వరండాలోకి వచ్చారు. రాజక్క లేచి వచ్చి, తలుపు రెండు చేతులతో నెట్టి, తనే మూసుకుంది. లోపల గొళ్లెం జరిగిన చప్పుడు మెత్తగా వినిపించింది. తొమ్మిదేళ్ల తరవాత ఆమె తనంతట తను వేసుకున్న తలుపు అది. యమున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రామలింగం మూసిన తలుపు ముందు నిలబడ్డాడు. అతని కుడిచెయ్యి తనంతట తానే పైకి లేచి, భుజమెత్తున, గొళ్లెం ఉండే చోటు కోసం తలుపు మీద తడిమింది. అక్కడ తను చిత్రిక పట్టిన నున్నటి చెక్క తప్ప ఏమీ లేదు. అరచెయ్యి జారి కిందికి వచ్చింది. అప్పుడతనికి ఏడుపు ఆగలేదు. పది మంది ముందు, కొత్త ధోవతి కట్టుకుని, యాభై ఆరేళ్ల మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. డాక్టరమ్మ అతని భుజం మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడింది.

కొంతసేపటికి గొళ్లెం మళ్లీ జరిగింది. తలుపు జానెడు తెరుచుకుంది. రాజక్క మొహం బయటపెట్టి తమ్ముణ్ని చూసింది.

"ఇంకా ఈడనే ఉన్నవా?" అంది. "తక్కిన గదులల్ల ఎవలక్క తీస్తదిరా మొలలు? నడువు."

రామలింగం కళ్లు తుడుచుకుని, స్టూలు చంకన పెట్టుకుని, పట్కారుతో ఎనిమిదో గది వైపు నడిచాడు. వెనక తలుపు మళ్లీ మూసుకుంది.